వానకాలపు కట్టుబాటు



ఆరామ మనగా తోట. మన పెద్దలు ఊరి వెలుపల మామిడియో చింతయో నాటించి, నడుమ బావి త్రవ్వించి, దానిని తోపనియు వనమనియు పిలిచిరి. బౌద్ధ భిక్షువులు నివసించిన చోటునకును ఆరామ మనియే పేరు. రాజగృహమున బింబిసారుడు బుద్ధునకు మొదట దానమిచ్చినది మేడ గాదు, వేణువనము. శ్రావస్తిలో అనాథపిండికుడు కొని యిచ్చినది జేతవనము. అట్టి తోటలలో వానకాలమున భిక్షువులు గుమిగూడి యెట్లు మెలగిరో, ఏమి కట్టుబాటు చేసికొనిరో నేడు మనవి చేసెదను. విడపనకల్లు వంటి మెట్టసీమవాడనగుటచే నాకు ఈ విషయమున మక్కువ యెక్కువ. ఏలన, ఇది చాలవఱకు నీటి కథ.

ఈ కథ మనకు దూరపుది గాదు. విడపనకల్లు నుండి గుంతకల్లు మీదుగా గుత్తి చేరి, పత్తికొండ త్రోవ పట్టినచో ఎఱ్ఱగుడి వచ్చును. అచ్చటి గుండ్లపై నున్న అశోకుని శాసనములు 1929లో లోకమునకు తెలిసినవి. తాను ఉపాసకుడై రెండున్నరేండ్లు దాటినదనియు, సంఘమునకు చేరువయై యేడాదికి మించినదనియు ఆ చక్రవర్తి అందు చెప్పుకొనెను. మఱియొక శాసనమున మనుష్యులకును పశువులకును పనికివచ్చు మందుమొక్కలను లేనిచోటులకు తెప్పించి నాటించుట, త్రోవల వెంబడి బావులు త్రవ్వించుట పేర్కొనబడినవి. చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, ఎద్దులు సాలు తిరిగినట్లు నడచును. సేద్యగాండ్రకు ఈ వ్రాతపద్ధతిని వేఱుగా వివరింప నక్కఱలేదు.

మొదట భిక్షువులు ఏడాది పొడవునను తిరుగుచునే యుండిరట. వానలలో వీరు పచ్చికను త్రొక్కి, పురుగు పుట్రను చంపుచున్నారు, పక్షులు సైతము చెట్ల కొనల గూళ్లు కట్టుకొని యొకచోట నిలుచుచున్నవే యని జనులు గొణగిరి. అందుపై బుద్ధుడు వర్షావాసమును విధించెనని వినయ గ్రంథము చెప్పుచున్నది. ఆషాఢ పూర్ణిమ మఱునాడు మొదలు మూడు నెలలు ఒకే చోట నుండవలెను. ఆనాటికి చేరలేనివారు ఒక నెల కడచి యారంభింపవచ్చును. తప్పని పని పడినచో ఏడు దినములలో తిరిగి రావలెను.

ఇది గంగాతీరమునకు తగిన నియమము. పడమటి కనుమల చాటున నున్న మన జిల్లాకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆషాఢమున గాలియే గాని చినుకు అరుదు. మనకు ఆశయంతయు ఉత్తర, హస్త కార్తెలమీదనే. అయినను నియమము మేఘమును బట్టి గాక చంద్రుని బట్టి నడచును. అట్లని అది మూర్ఖపు పట్టుదలయు గాదు. దొంగల భయముచే ఊరు తరలిపోయినచో భిక్షువులు ఊరితోపాటు పోవచ్చును. తిండి చాలకున్నచో వాసము విడిచినను దోషము లేదు. 1876-78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరముల కఱవును పెద్దలవలన విన్నవారికి, ఈ సడలింపు ఎంత లోకజ్ఞానముతో చేయబడినదో తెలియగలదు.

ఇక తోట సంగతి. భిక్షువు నేల త్రవ్వరాదు, మొక్క త్రుంపరాదు. మఱి తోటను సాకువా రెవరు? వారికి ఆరామికులని పేరు. పిలిందవత్సు డను స్థవిరునకు ఒక ఆరామికుని పంపెదనని బింబిసారుడు మాట యిచ్చి మఱచెనట. జ్ఞప్తికి వచ్చునప్పటికి 500 దినములు గడచినవి. దినమునకు ఒకని చొప్పున 500 మందిని పంపగా వారికొక యూరే వెలసెనని కథ. సంఘపు విత్తనమును వేఱొకని నేలలో చల్లినను, ఒకని విత్తనమును సంఘపు నేలలో చల్లినను, భాగమిచ్చిన పిదపనే ఫలము ననుభవింపవలెనని మఱియొక విధి. మన పాలు సేద్యము నెఱిగినవారికి ఇది క్రొత్త మాట గాదు.

కలిసి యుండుట సులభమా? కోసంబిలో పాత్రలో మిగిల్చిన కొంచెపు నీటిని గూర్చి పుట్టిన తగవు సంఘమునే రెండుగా చీల్చినది. కోసల దేశమున కొందఱు భిక్షువులు దీనికొక విరుగుడు కనిపెట్టిరి. వర్షావాసమంతయు ఒకరితో నొకరు మాటలాడరాదని యొప్పందము చేసికొనిరి. ముందు వచ్చినవాడు ఆసనములు పఱచును. కుండ వట్టిపోయినది చూచినవాడు నింపును. బరువైనచో చేసైగతో తోడు పిలుచును. మూడు నెలలు తగవు లేక గడచినవి. వారు సంతోషముతో ఆ మాట విన్నవింపగా, బుద్ధుడు మెచ్చుకొనలేదు సరికదా, పశువులవలె నుంటిరని మందలించెను.

నాకు ఈ ఘట్టమే అన్నిటికంటె విలువైనదిగా తోచుచున్నది. కుండ నింపుట తప్పుగాదు. నోరు కట్టుకొని దానినే పొందిక యనుకొనుట తప్పు. ఆ సందర్భముననే ప్రవారణ మను విధి యేర్పడినది. వాసము ముగియు పూర్ణిమనాడు ఒక్కొక్కడును చేతులు జోడించి, నాయందు మీరు కన్నదో విన్నదో అనుమానించినదో యగు దోషము నాకు చెప్పుడని సంఘమును వేడవలెను. మొదట వేడవలసినవాడు అందఱిలో పెద్ద. మన రచ్చకట్టపై ఈ వరుస యెప్పుడైన పాటింపబడినదా యని పెద్దలు ఆలోచింతురు గాక.

పిమ్మట కఠినము. జనులిచ్చిన గుడ్డను అందఱును కలిసి ఆ దినముననే కోసి, కుట్టి, రంగువేసి, ఒకనికి చీవరముగా నిత్తురు. మగధలోని మళ్లను, గట్లను చూపి, అట్లు చీవరమును కుట్టగలవా యని బుద్ధు డడుగగా, ఆనందుడు ఆ రీతిని కుట్టెనట.

మన తెలుగు దేశమున ఈ వాసపు గుర్తులు నీటిచెంతనే కనబడును. విశాఖపట్టణము చేరువ తొట్లకొండకు ఆ పేరు వచ్చినది, వాననీరు నిలుచుటకై రాతిలో తొలిచిన తొట్లవలననే. అచ్చటి విహారములు 1988-1993 నడుమ త్రవ్వకములలో బయల్పడినవి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని 14వ యేట బోధిసిరి యను ఉపాసిక తన దానములను చెక్కించెను. సింహళ దేశపు భిక్షువులకై కట్టించిన చైత్యగృహముతోపాటు, పూర్వశైలమున త్రవ్వించిన చెఱువును ఆమె అందు చేర్చినది. ఆ శాసనము దొరకిన లోయ నేడు నాగార్జునసాగర జలాశయము క్రింద నున్నది. కొన్ని కట్టడములను మాత్రము కొండమీదికి తరలించి నిలిపిరి; పడవపై పోయి చూడవలెను.