పీజీ విద్యార్థుల విధాన అధ్యయనాలు

ఒక ప్రభుత్వ శాఖో, పంచాయతీయో, స్వచ్ఛంద సంస్థో తన ముందున్న చిక్కు చెబితే, పీజీ విద్యార్థులు కొన్ని నెలలపాటు ఊళ్లు తిరిగి, లెక్కలు తీసి, ఏం చేస్తే బాగుంటుందో రాసిచ్చే పనిని విధాన అధ్యయనం అంటారు. కళాశాలల్లో దీన్ని మామూలుగా ‘ప్రాజెక్టు’ అంటారు. సిద్ధాంత వ్యాసానికీ దీనికీ తేడా చదివేవాళ్లలో ఉంది. సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షకుడు చదువుతాడు. దీన్ని చదివేది ఫైలు మీద సంతకం పెట్టాల్సిన మనిషి.

ఈ పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. 1907లో న్యూయార్క్‌లో నగరపాలన ఖర్చుల మీద ఆరా తీసేందుకు పౌరులు ఒక పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. 1911లో దానికి అనుబంధంగా శిక్షణ పాఠశాల మొదలైంది. 1924లో సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో ప్రజాపాలన నేర్పే మాక్స్‌వెల్ స్కూల్ వచ్చింది. 1960ల చివర బర్క్‌లీ, హార్వర్డ్ వంటి చోట్ల విధాన విద్యకు ప్రత్యేక కోర్సులు పెట్టాక, నిజమైన సంస్థ కోసం నివేదిక రాయడం చదువులో భాగమైంది.

తెలుగువాళ్లకు మాత్రం ఊరి సర్వే అంతకుముందే తెలుసు. మద్రాసు విశ్వవిద్యాలయంలో భారత ఆర్థికశాస్త్రానికి తొలి ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ 1916లో విద్యార్థులను ఊళ్లకు పంపి భూమి, కూలి, అప్పు, తిండి ఖర్చు రాయించాడు. 1918లో అవి పుస్తకంగా వచ్చాయి. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చిన ఎన్.జి. రంగా 1926లో డెల్టా పల్లెల ఆర్థిక స్థితి మీద పుస్తకం వేశారు. ఈ పనులేవీ ఏ శాఖ అడిగితేనో చేసినవి కావు. అయినా గడప గడపకూ వెళ్లి అడగాలన్న అలవాటు అక్కడే పడింది.

స్వాతంత్ర్యం వచ్చాక సంస్థలు ఏర్పడ్డాయి. 1958లో ముస్సోరీలో మొదలైన సమాజాభివృద్ధి పరిశోధన సంస్థ 1965లో హైదరాబాదుకు తరలింది. ఇప్పటి జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ అదే. 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో పెట్టిన గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థ ‘ఇర్మా’ విద్యార్థులను ఊళ్లలో ఉంచి, సహకార సంఘాల సమస్యలు అప్పగించింది. హైదరాబాదులో గీతం విశ్వవిద్యాలయం 2021లో కౌటిల్య విధాన పాఠశాలను మొదలుపెట్టింది.

తెలుగునేల మీద జరిగిన ఇలాంటి పనుల్లో అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకోవలసింది బడుల మీద చేసిన అధ్యయనం. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి దీన్ని చేపట్టాయి. దీన్ని నడిపిన ఇద్దరిలో కార్తీక్ మురళీధరన్ అప్పటికి హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థి, వెంకటేశ్ సుందరరామన్ ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త. కోస్తా, రాయలసీమ, తెలంగాణల నుంచి 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, చీటీలు తీసినట్టు వందేసి బడుల చొప్పున అయిదు గుంపులుగా పంచారు. ఒక వంద బడుల్లో ఒక్కో ఉపాధ్యాయుడికి విడిగా బోనస్. ఇంకో వందలో బడి మొత్తానికి బోనస్. మూడో వందకు అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుడు. నాలుగో వందకు నగదు గ్రాంటు. మిగిలిన వంద పోల్చి చూడటానికి. పిల్లల మార్కులు సగటున 5 శాతానికి మించి పెరిగితే, ఆ పైన ఒక్కో శాతానికి ఉపాధ్యాయుడికి 500 రూపాయలు. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లోనూ మెరుగయ్యారు. 2011లో ఇది ప్రపంచ ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర పత్రికలో వచ్చింది. ఒక విద్యార్థి ప్రభుత్వంతో కలిసి ఎంత పెద్ద ప్రశ్నకు సమాధానం వెతకగలడో చూపిన పని ఇది.

ఇలాంటి పనికి ఇప్పుడు చోటున్న ఒక ఊరిని చూద్దాం, చింతలపూడి మామిడి తోటలను. చింతలపూడి ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చినప్పుడు, కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు కూడా ఇదే జిల్లాలోకి చేరింది. కాబట్టి ఇక్కడ మామిడి మీద పనిచేసే విద్యార్థికి తొలి చిక్కు లెక్కల్లోనే ఎదురవుతుంది. 2022కి ముందు లెక్కలు రెండు పాత జిల్లాల పుస్తకాల్లో చెరో చోట ఉంటాయి. మండలం వారీగా ఏరి కలుపుకోకపోతే పోలిక తప్పుతుంది.

ఈ నేలకు సరిగ్గా సరిపడే ప్రశ్న ఒకటుంది. బంగినపల్లి, రసాల తోటలను పూత మీదే వ్యాపారికి అమ్మేయడం ఇక్కడ పాత పద్ధతి. పిందె రాలినా, గాలివాన వచ్చినా నష్టం కొన్నవాడిది. మరి ప్రభుత్వ సాయం ఎవరికి చేరాలి? 2011 నాటి రాష్ట్ర చట్టం కౌలు రైతుకు యజమాని అంగీకారం లేకుండానే రుణ అర్హత కార్డు ఇవ్వజూసింది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల రాతపూర్వక ఒప్పందం కోరింది. అంటే యజమాని సంతకం కావాలి. పూత కొన్న వ్యాపారి ఈ చట్టం దృష్టిలో సాగుదారేనా అన్నది తోట తోటకూ వెళ్లి అడిగితేనే తేలే సంగతి. తెగుళ్లు, రకాల సంగతి చూడటానికి నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. అది వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కిందిది. ఒప్పందాలు, ధరలు, తరుగు లెక్కలు మాత్రం విధాన విద్యార్థుల పని.

2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు ఊళ్లను దత్తత తీసుకుని ఇంటింటి సర్వే చేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు డిగ్రీ విద్యార్థులకు కూడా 180 గంటల సమాజ సేవా ప్రాజెక్టు ఉంది. అది వేసవి సెలవుల్లో వస్తుంది. మామిడి కోతలూ అప్పుడే. పొద్దెక్కాక ఇంటికి వెళ్తే రైతు దొరకడు. ప్రశ్నపత్రం పట్టుకుని తెల్లవారకముందే తోటకు వెళ్లి, కాయలు కుప్ప పోసిన చోట, మామిడి సొన అంటి సుర్రుమనే చేతులను తుడుచుకుంటున్న మనిషి పక్కన కూర్చుని అడగాలి.