కొలరాడో కొండలెక్కిన కథ

ఓవెన్స్ లోయ నుంచి లాస్ ఏంజలెస్‌కు 1913లో తెచ్చిన నీళ్లు వాలును బట్టి వాటంతటవే జారి వచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి నగరానికి అవీ చాలవని తేలింది. ఆ కాలువ కట్టించిన విలియం ముల్హోలాండే మళ్లీ ఎడారిలో సర్వేలకు దిగాడు. ఈసారి చూపు కొలరాడో నది మీద. మధ్యలో వరసగా కొండలు. ఎత్తిపోతలు తప్పవు.

1928లో దక్షిణ కాలిఫోర్నియా నగరాలు కొన్ని కలిసి మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్ పెట్టుకున్నాయి. 1931లో, ఉద్యోగాలు ఊడిపోతున్న మాంద్యం రోజుల్లో, 22 కోట్ల డాలర్ల అప్పుకు జనం ఓటేశారు. నీళ్ల కోసమా, కూలి కోసమా అంటే రెండింటికీ అనే చెప్పాలి.

నీళ్లు మళ్లించే పార్కర్ డ్యామ్ దగ్గర అసలు తమాషా జరిగింది. తన వాటా పోతుందని అరిజోనా గవర్నర్ మోర్ 1934లో ఏకంగా సైనికులనే నది ఒడ్డుకు పంపాడు. పడవలెక్కిన ఆ దళాన్ని పత్రికలు ‘అరిజోనా నౌకాదళం’ అని ఆటపట్టించాయి. అయినా మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో నెగ్గింది అరిజోనాయే: డ్యామ్‌కు కాంగ్రెస్ అనుమతే లేదు మరి! ఆ ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసి ఆ లోటు పూడ్చింది.

కాలువ పనుల్లో ఒక దశలో పదివేల మంది దాకా ఉన్నారు. వాళ్ల కోసం 1933లో డాక్టర్ సిడ్నీ గార్ఫీల్డ్ డెజర్ట్ సెంటర్ సమీపంలో 12 పడకల ఆస్పత్రి తెరిచాడు. బీమా కంపెనీలు బిల్లులు సరిగా చెల్లించక అది మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడు పుట్టిందే, ఒక్కో కూలీకి రోజుకు ఐదు సెంట్ల చొప్పున ఆ కంపెనీలచేత ముందే కట్టించుకునే పద్ధతి. మరో ఐదు సెంట్లు కూలీ తన జేబులోంచి ఇస్తే పనికి సంబంధం లేని జబ్బులకూ వైద్యం. కాలిఫోర్నియా తెలుగువాళ్లకు బాగా తెలిసిన కైజర్ పర్మనెంటే ఆస్పత్రులకు మూలం అదే. నన్నడిగితే కాలువ కన్నా ఇదే పెద్ద నిర్మాణం.

1941లో నగరాలకు నీళ్లందాయి. పార్కర్ డ్యామ్ వెనకున్న హవాసు సరస్సు నుంచి మాథ్యూస్ సరస్సు దాకా కాలువ పొడవు 242 మైళ్లు. ఐదు పంపింగ్ స్టేషన్లు కలిసి 1,617 అడుగులు ఎత్తుతాయి. ఏడాదికి దాదాపు 52 టీఎంసీలు మోయగలదు. కాలువ పొడవులో 92 మైళ్లు సొరంగాలే.

వాటిలో శాన్ జసింటో సొరంగం అందరికన్నా అక్కడి ఆదివాసులైన సొబోబా తెగను ఎక్కువ దెబ్బతీసింది. కొండను తొలిచేకొద్దీ లోపలి ఊటలు సొరంగంలోకి ఎగజిమ్మాయి, పైన వాళ్ల చెలమలు ఎండిపోయాయి. ఆ నష్టంపై ఒప్పందానికి కాంగ్రెస్ ఆమోదం 2008లో గానీ రాలేదు.