యంత్రముల యెదుట తెలుగక్షరము



క్రొత్త యంత్రము ఊరికి వచ్చిన నాడు దానిని గూర్చి తన యభిప్రాయము చెప్పనివాడుండడు. రేడియో వచ్చినప్పుడు చెప్పితిమి. టెలివిజను వచ్చినప్పుడు చెప్పితిమి. సెల్‌ఫోను వచ్చిన పిదప దినదినమును చెప్పుచునే యున్నాము. అట్టి యభిప్రాయములలో నొకటి మాత్రము యంత్రములెన్ని మారినను తాను మారక నిలిచియున్నది. "మన లిపి చిక్కులది, యంత్రమునకు లొంగదు" అనునదే యది. టైపుమిషను నాడు ఇదే మాట. కంప్యూటరు నాడు ఇదే మాట. 2018వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒక తెలుగక్షరమును జూచి ఐఫోనులు మూర్ఛపోవుచున్నవను వార్త ప్రపంచమంతట వ్యాపించినప్పుడు ఆ మాటకు మరల ప్రాణము వచ్చెను. ఆ వార్తలోని నిజానిజములను విచారించుటకు ముందు, మన యక్షరము యంత్రముల చేతిలో ఇదివరకెట్టి పాట్లు పడినదో కొంచెము చూడవలసియున్నది.

మొదట లెక్క చూతము. ఇంగ్లీషున నక్షరములు 26. పెద్దవి, చిన్నవి కలిపినను 52. మనకు హల్లులు 36 అనుకొని, ఒక్కొక్క హల్లునకు పదునారు గుణింతములు కట్టినచో 576 రూపములగును. ప్రతిదానికి ఒక్కొక్క వత్తు చేర్చినచో 20,736 అగును. రెండు వత్తులు వచ్చు 'స్త్ర' వంటివి ఈ లెక్కలో చేరనే లేదు. వాడుకలో వీనిలో చాలభాగము రాదనుట నిజమే. ఐనను ఏది ఎన్నడు రాదో ముందుగా చెప్పగలవాడెవ్వడు? తాటియాకుపై గంటముతో వ్రాయువానికి ఈ లెక్కతో పనిలేదు. చేయి ఎటు తిరిగిన అక్షరమటు తిరుగును. యంత్రమునకు చేయి లేదు. ముందుగా చేసియుంచిన అచ్చు మాత్రమే కలదు. చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది.

మన యక్షరములు మొట్టమొదట పుస్తకరూపమున అచ్చుపడినది మన దేశమున గాదు. బెంజమిను షుల్జు అను క్రైస్తవ మతబోధకుడు చెన్నపట్టణముననుండి తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలిన పిమ్మట జర్మనీలోని హాలె పట్టణమున 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న మతగ్రంథములను తెలుగులిపిలో నచ్చొత్తించెను. పిదప కలకత్తాకు సమీపముననున్న శ్రీరామపురమున విలియం కేరీయు, ఆయన సహచరులును పెక్కు భారతీయ లిపులకు సీసపు టక్షరములు పోత పోయించిరి. పంచాననుడను కర్మకారుడును, ఆతని యల్లుడు మనోహరుడును అచ్చట ఉక్కుపై అక్షరములు చెక్కిన శిల్పులు. 1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ రాత్రి ఆ ముద్రణాలయమునకు నిప్పంటుకొని, కాగితములును వ్రాతప్రతులును దగ్ధమై, సీసపు టక్షరములు కరగి ముద్దలయ్యెను. బూడిదలో వెదకగా ఉక్కు అచ్చులు చెడక దొరకినవి. ఆ సీసమునే మరల కరగించి అక్షరములు పోసికొనిరి. కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. మన యక్షరములు నిప్పులోబడి మరల బుట్టినవనుట అతిశయోక్తి కాదు.

తరువాత చెన్నపట్టణమున అచ్చుకూటములు వృద్ధిపొందెను. అచ్చట కంపోజిటరు చేయుపనిని చూచినవారు మీలో కొందరుండవచ్చును. ఆతని యెదుట నేటవాలుగా పెట్టిన చెక్కకేసులు, వానిలో వందలకొలది అరలు. గుణింతములొక వైపు, వత్తులొక వైపు. ఒక సంస్కృత సమాసమును కూర్చుటకు ఆతని చేయి ఈ చివరనుండి ఆ చివరకు ఎన్నిమార్లు పోవలెనో! అక్షరములన్నియు తిరుగబడి యుండును. వానిని ఆతడు మనము నేరుగా చదివినంత సులువుగా చదువును. నా బాల్యమున నొక కంపోజిటరు పాఠము చదువుచున్న నన్ను జూచి, "బాబూ, నీకు ఛందస్సు తెలిసితే గణాలు కనిపిస్తాయి, నాకు సీసం బరువు కనిపిస్తుంది" అని నవ్వెను. ఆయన చదువు అయిదవ తరగతితో ముగిసినది. తప్పులు పట్టుటలో మాత్రము మా గురువులకు తీసిపోడు. 1852లో వెలువడిన బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువంతటి మహాగ్రంథము ఇట్టి చేతులమీదుగనే అచ్చయినది. కూర్చువానికి శ్రమ యెక్కువ యయ్యెనే గాని, మన లిపి అచ్చునకు లొంగకపోలేదు.

అసలు చిక్కు టైపుమిషనుతో వచ్చెను. కంపోజిటరునకు వందల అరలుండవచ్చును గాని, టైపుమిషనునకు వందల మీటలుండరాదు. ఇంగ్లీషు కొరకు కట్టిన యంత్రమునకు సుమారు నలువదియారు మీటలు, మీటకు రెండేసి గుర్తులు. ఆ తొంబదింటిలో మన యక్షరములన్నియు ఇమడవలెను! అందుచేత అక్షరమును ముక్కలు చేసిరి. తలకట్టొక దెబ్బ, గుడి యొక దెబ్బ, వత్తొక దెబ్బ. కొన్ని మీటలు కొట్టినను కాగితము కదలదు. తరువాతి దెబ్బ దానిపైననే పడును. ఇట్లు పుట్టిన అక్షరములకు అతుకులు కనబడుచుండును. కచేరి కాగితములలో అట్టి వ్రాతను మనమందరము చూచినవారమే.

అప్పుడే పెద్దల నోట "లిపినే మార్చుకొందము" అను మాట వినవచ్చెను. 1928లో తుర్కీదేశము తన ప్రాతలిపిని విడిచి రోమను లిపిని చేకొన్నది. 1935లో కలకత్తా భాషాశాస్త్రవేత్త సునీతికుమార చటర్జీ భారతదేశమునకు రోమను లిపిని ప్రతిపాదించెను. 1938లో హరిపుర కాంగ్రెసు అధ్యక్షోపన్యాసమున సుభాష్ చంద్రబోసును రోమను లిపి వైపే మొగ్గుచూపెను. వారి పాండిత్యమునుగాని దేశభక్తినిగాని శంకించువాడెవ్వడు? ఐనను ఒక్క మాట అడుగవలెను. పాదమునకు చెప్పు పట్టనప్పుడు చెప్పును సరిచేయుదుమా, పాదమును కోసికొందుమా? నలువదియారు మీటలు బ్రహ్మవ్రాత కావు. పరభాష కొరకు పరులు కట్టుకొన్న కొలత యది. మనము లిపిని మార్చుకొనక వేచియుంటిమి. ఆ వేచియుండుట వృథా పోలేదు.

కంప్యూటరు వచ్చిన తరువాత లెక్క తిరుగబడెను. కంప్యూటరు అక్షరమును బొమ్మగా దాచుకొనదు, సంఖ్యగా దాచుకొనును. రూపము దిద్దుట వేరొక పని. ఈ రెండును వేరగుట చేత మనకు మేలు కలిగెను. భారతదేశపు లిపులన్నిటికి వర్ణమాల యొక్కటియే కదా, వర్ణమునకొక సంఖ్య నిచ్చి, కలుపుట యంత్రమునకే విడిచిపెట్టుదమని మన విద్వాంసులు తలచిరి. ఇస్కీ అను పేర 1988లో నొక ప్రమాణమేర్పడెను. 1991లో దానిని భారతీయ ప్రమాణముల సంస్థవారు సవరించి ప్రకటించిరి. ఆ 1991లోనే ప్రపంచ లిపులన్నిటికొరకు వెలువడిన యూనికోడునందును తెలుగునకు చోటు దొరకెను. ఎన్ని స్థానములందురు? 128. అందును కొన్ని ఖాళీగనే మిగిలినవి.

ఇరువదివేల రూపములకు నూటయిరువదియెనిమిది స్థానములెట్లు చాలినవి? క కారమునకొక సంఖ్య, పొల్లునకొక సంఖ్య, ష కారమునకొక సంఖ్య. ఈ మూడును వరుసగా వచ్చినచో యంత్రము 'క్ష' అని చూపును. పొల్లుహల్లునకు పైహల్లు పరమైనచో సంయుక్తమగునని మనము బడిలో వల్లెవేసిన దిదియే. శివసూత్రములు చదివిన మాబోటివారికి ఇందులో వింత తోపదు. ఇన్నాళ్లును వ్యాకరణమును యంత్రమునకొప్పజెప్ప జూచితిమి. ఇప్పుడు యంత్రమే వచ్చి వ్యాకరణము నేర్చుకొన్నది.

అయితే నేర్చుకొనుటకు కాలము పట్టినది. విండోసు ఎక్స్‌పి అను పేర 2001లో వచ్చిన దానియందు గౌతమి యను తెలుగు ఫాంటును చేర్చిరి. అంతవరకు, ఆ తరువాత కొన్నేండ్లును, ఒక్కొక్క పత్రిక తనకు తోచిన సంఖ్యలతో తన ఫాంటు తాను చేసికొన్నది. ఒక పత్రిక వ్రాత మరియొక ఫాంటులో చూచినచో చీమలు ప్రాకినట్లుండెడిది. అంతకు ముందే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదివిన తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయుటకొక పద్ధతి కల్పించిరి. ఆర్‌టీఎస్ అను దాని పేరులో ఆ విద్యాలయపు పేరే యున్నది. ఇంగ్లీషు మీటలు నొక్కగా తెలుగక్షరములు చూపు 'లేఖిని' వంటి సాధనములు తరువాత వచ్చెను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలయ్యెను. ఇవి చేసినవారిలో చాలమంది జీతమునకు చేసినవారు కారు.

ఫోనుల సంగతి చెప్పవలెను. ఎస్సెమ్మెస్ అను పొట్టిసందేశము ఇంగ్లీషులో 160 అక్షరములు పట్టును. తెలుగులో వ్రాసినచో 70 మాత్రమే. మన గుణింతములును వత్తులును వేరువేరు సంఖ్యలగుటచేత ఆ డెబ్బదియు శీఘ్రముగా నిండును. ఒకే మాటకు ఇంగ్లీషులో నొక సందేశపు రుసుము, తెలుగులో రెండు మూడింటి రుసుము. పైగా నాటి ఫోనులు పెక్కింటికి తెలుగు చూపుటయే తెలియదు. గళ్లు మాత్రము చూపును. కావుననే మన పిల్లలు "బాగున్నారా తాతయ్యా" అనుదానిని ఇంగ్లీషక్షరములలో వ్రాయుటకలవాటు పడిరి. వారికి తెలుగుపై ప్రీతి లేదని నిందించువారు ఈ లెక్క నొకమారు చూడవలెను. 2016లో భారతప్రభుత్వము ఈ దేశమున అమ్ము ఫోనులయందు మన రాజ్యాంగము గుర్తించిన ఇరువదిరెండు భాషలును చదువ వీలుండవలెనని నిబంధన చేసినది. ఆ పని మరి పదియేండ్లు ముందు జరిగియుండిన, ఒక తరము అలవాటు వేరుగా నుండెడిది.

ఇక 2018 నాటి వార్త. 'జ్ఞా' అను అక్షరమున్న సందేశము చేరినంతనే ఐఫోను ఆగిపోవుననియు, దానిని చేరిన వాట్సాప్ మొదలగునవి తెరుచుకొనవనియు పత్రికలు వ్రాసెను. కొందరు దానికి బాంబను పేరు పెట్టిరి. ఆకతాయిలు దానిని తమ పేర్లప్రక్కన తగిలించి ఊరివారి ఫోనులన్నియు చెడగొట్ట జూచిరి. మా యూరి రచ్చబండ యొద్ద ఒక పెద్దాయన, "పంతులుగారూ, మన అక్షరం దెబ్బకు అమెరికావాడి ఫోను చచ్చిపోయిందట, నిజమేనా?" అని మీసము దువ్వెను. ఆయన మేనల్లుడు పట్టణమున నుద్యోగి. "అది మన గొప్ప కాదు మావయ్యా, మన లిపి అంత చిక్కుది" అని పెదవి విరిచెను. గర్వించుటకును సిగ్గుపడుటకును ఇద్దరికి ఇద్దరును సిద్ధముగా నుండిరి. జరిగినదేమని అడిగినవాడు లేడు.

జరిగినది ఇది. మనము మామూలుగా వ్రాయు 'జ్ఞా' వలన ఏ ఫోనునకును హాని కలుగలేదు. యూనికోడునందు ఒక అదృశ్య సంజ్ఞ కలదు. దానికి ధ్వని లేదు, రూపము లేదు, వెడల్పు లేదు. 'రాజ్‌కుమార్' అని వ్రాయదలచినప్పుడు యంత్రము పొల్లును క కారముతో కలిపి 'రాజ్కుమార్' అని చూపును కదా. అట్లు కలుపవలదని చెప్పుటకే ఆ సంజ్ఞ. అది 'జ్ఞ'కును దాని దీర్ఘమునకును నడుమ, తనకు పనిలేని చోట, వచ్చి కూర్చున్నప్పుడు ఆపిల్‌వారి యంత్రములలో అక్షరరూపము దిద్దు భాగము దారితప్పెను. పరిశీలించినవారు బెంగాలీ, దేవనాగరి లిపులయందును ఇట్టి కూర్పులు కొన్ని అదే ఫలమిచ్చుచున్నవని కనుగొనిరి. కనుక ఇది తెలుగు చేసిన నేరమును గాదు, తెలుగు సాధించిన విజయమును గాదు. వ్రాయదగని కూర్పు వచ్చినచో దానిని వికారముగా చూపియైన ఊరకుండవలెను గాని, యంత్రము ప్రాణము విడువరాదు. తమ తప్పును దిద్దుకొని ఫిబ్రవరి 19న ఆపిల్‌వారు క్రొత్త సవరణ విడుదల చేసిరి. వార్త పుట్టిన కొలదిదినములకే చికిత్స జరిగినది. బాంబను పేరు మాత్రము చాలనాళ్లు నిలిచినది. ఇదే కంపెనీ ఫోనులు 2015లో అరబ్బీ అక్షరములు గల యొక సందేశముచేతను, 2020లో సింధీ అక్షరములు గల మరియొకదానిచేతను ఇట్లే ఆగిపోయినవి. ప్రతిసారి పేరుపడినది పరీక్షింపబడని లిపులే.

మన వైపునను పని జరుగుచున్నది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, గురజాడ, గిడుగు అను పేర్లతో తెలుగు ఫాంటులు నేడు వెల లేకయే దొరకుచున్నవి. భువనవిజయ కవులు కంప్యూటరులో కొలువుదీరిరని వినిన మా గురువులెంత మురిసెడివారో! మన వ్యాకరణములందలి దంత్య చ జ లకు, అనగా ౘ ౙ లకు, 2008లో యూనికోడు స్థానములిచ్చెను. శాసనములందలి ఴ కారమునకు 2014లో నిచ్చెను. ప్రాతపుస్తకములలో పదాంతమున తోకవలె కనబడెడి నకారపు పొల్లునకు 2021లో చోటు దొరకెను. మీ యింటనున్న ప్రాతప్రతులలో దానిని మీరు చూచియుందురు. మనుమనిచేత ఫోనులో దానిని తీయింపుడు. గడి మాత్రమే కనబడినచో నిరాశపడవలదు; దాని సంఖ్య స్థిరపడినది, ఆ ఫోనులోని ఫాంటునకు రూపము చేర్చవలసిన పని యింకను మిగిలియున్నదన్నమాట.