దయారా బుగ్యాల్

దయారా బుగ్యాల్ ఉత్తరాఖండ్ రాష్ట్రం, ఉత్తరకాశీ జిల్లాలో భాగీరథీ నదీ లోయకు ఎగువన ఉన్న ఎత్తైన పచ్చిక మైదానం. సముద్రమట్టం నుంచి సుమారు 3,000 మీటర్ల నుంచి 3,600 మీటర్ల ఎత్తు వరకు ఇది వ్యాపించి ఉన్నది. హిమాలయాలలో మొదటిసారి పర్వత నడక (ట్రెక్కింగ్) చేయదలచిన వారికి, గైడు సహాయంతో నాలుగైదు రోజులలో పూర్తిచేయదగిన మార్గాలలో ఇది ఒకటిగా పేరుపొందినది.

బుగ్యాల్ అనగా

గఢ్వాల్ ప్రాంతంలో ఎత్తైన పర్వత పచ్చిక బయళ్ళను బుగ్యాల్ అని పిలుస్తారు. కాశ్మీరులో ఇటువంటి బయళ్ళకు మర్గ్ అని పేరు. గుల్‌మర్గ్, సోన్‌మర్గ్ అను పేర్లు ఆ విధంగా ఏర్పడినవే.

ఎత్తు పెరిగిన కొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతుంది. సగటున ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఈ తగ్గుదల ఉంటుంది. ఒక ఎత్తు దాటిన తరువాత వేసవి చాలా కురుచగా ఉండి, పెద్ద చెట్లు ఎదగడానికి తగిన కాలం చాలదు. దీనినే వృక్షరేఖ అంటారు. ఈ వృక్షరేఖకు, శాశ్వత హిమరేఖకు నడుమ గడ్డి, మూలికలు, చిన్న పూలమొక్కలు మాత్రమే పెరుగుతాయి. అవే బుగ్యాళ్ళు. చలికాలమంతా మంచు క్రింద ఉండే ఈ నేల, మంచు కరిగిన తరువాత కొద్ది నెలలలోనే చిగిర్చి, పూచి, విత్తనం కట్టి మరల నిద్రపోతుంది.

ప్రకృతి

దిగువన ఓక్, దేవదారు, మేపుల్ వృక్షాల అడవి ఉన్నది. వసంతకాలంలో బురాంశ్ (రోడోడెండ్రాన్) చెట్లు ఎర్రని పూలతో నిండి ఉంటాయి. ఇది ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. రాష్ట్ర పక్షి అయిన మోనాల్ కూడా ఈ ఎత్తులలో నివసిస్తుంది. అడవి దాటి మైదానంపైకి రాగానే హిమశిఖరాలు కనబడతాయి. వాటిలో ముఖ్యమైనది 6,316 మీటర్ల ఎత్తుగల బందర్‌పూంఛ్. ఈ మాటకు కోతి తోక అని అర్థం. లంకాదహనం తరువాత హనుమంతుడు తన తోక మంటను ఇక్కడ చల్లార్చుకొన్నాడని స్థానికుల విశ్వాసం. దానికి సమీపంలో 6,387 మీటర్ల ఎత్తుగల కాలానాగ్ శిఖరం ఉన్నది.

గ్రామాలు, వెన్న పండుగ

ఈ మైదానానికి రైథల్, బార్సూ అను రెండు గ్రామాల నుంచి దారులు ఉన్నాయి. వేసవిలో గ్రామస్థులు ఆవులను, గేదెలను బుగ్యాల్‌కు తోలుకొని వెళ్ళి, అక్కడ రాతితోను, కలపతోను కట్టిన గుడిసెలలో ఉండి పాడి చేస్తారు. చలి మొదలయ్యే ముందు మందలతో క్రిందికి దిగుతారు. ఏటా ఆగస్టు నడుమ, భాద్రపద సంక్రాంతి నాడు అంఢూరి ఉత్సవం జరుపుతారు. పశువులను కాపాడి సమృద్ధిగా పాలిచ్చిన ప్రకృతికి కృతజ్ఞతగా, రంగులకు బదులు వెన్న, మజ్జిగ ఒకరిపై ఒకరు చల్లుకొనడం ఈ పండుగలోని విశేషం. అందువలన దీనికి వెన్న పండుగ అని ప్రసిద్ధి కలిగినది. నడకకు వచ్చేవారికి కేవలం విహారస్థలమైన ఈ మైదానం, ఆ గ్రామాలవారికి జీవనాధారం.

నడక మార్గం

సాధారణంగా మొదటి రోజు డెహ్రాడూన్ నుంచి వాహనంలో రైథల్ చేరి, ఆ రాత్రి అక్కడే బసచేస్తారు. రెండవ రోజు అడవి దారిలో గుయీ అను చోటికి ఎక్కి గుడారాలలో విశ్రమిస్తారు. మూడవ రోజు మైదానంపైకి ఎక్కి, శిఖరాలను చూచి తిరిగి బసకు దిగుతారు. నాలుగవ రోజు రైథల్‌కు గాని, బార్నాలా తాల్ అను చిన్న చెరువు మీదుగా బార్సూకు గాని చేరుకుంటారు. గ్రామం నుంచి మైదానం వరకు దూరం సుమారు 8 కిలోమీటర్లు మాత్రమే.

కొత్తవారికి ఈ మార్గం అనువుగా ఉండడానికి కారణాలు ఇవి:
* దారి స్పష్టంగా ఉంటుంది. తాళ్ళు, పర్వతారోహణ పరికరాలు అవసరం లేదు.
* రోజువారీ నడక తక్కువ. ఎత్తు క్రమంగా పెరుగుతుంది.
* అస్వస్థత కలిగినచో కొద్ది గంటలలో గ్రామానికి దిగిపోవచ్చును.

సులభమైన మార్గం అన్నంత మాత్రాన సన్నాహం లేకుండా వెళ్ళరాదు. కనీసం నెల రోజుల ముందు నుంచి వేగంగా నడవడం, మెట్లెక్కడం అలవాటు చేసుకోవలెను. చీలమండను పట్టి ఉంచే బూట్లు, పొరలుగా ధరించే ఉన్ని దుస్తులు, వాన కోటు, టార్చిలైటు తప్పనిసరి.

ఎత్తు వలన కలిగే అస్వస్థత

తూర్పు కనుమలలోని శిఖరాలు 1,700 మీటర్లకు మించవు. కావున తెలుగు రాష్ట్రాలలోని కొండలు ఎక్కిన అనుభవం ఇక్కడి ఎత్తుకు శరీరాన్ని సిద్ధం చేయదు. 3,400 మీటర్ల వద్ద వాయుపీడనం సముద్రమట్టం వద్ద ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అందువలన ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు తగ్గుతుంది. తలనొప్పి, వికారం, నిద్రలేమి, ఆకలి మందగించడం దీని తొలి లక్షణాలు. బలిష్ఠులకు, యువకులకు కూడా ఇది రావచ్చును. లక్షణాలు కనబడినప్పుడు ఇంకా పైకి ఎక్కరాదు. తగ్గకపోయినా, నడక తూలినా, విశ్రాంతిలో ఆయాసం వచ్చినా వెంటనే క్రిందికి దిగడమే ప్రధాన చికిత్స. ఈ లక్షణాలను గైడు వద్ద దాచడం ప్రాణాపాయానికి దారితీయవచ్చును. మందులను వైద్యుని సలహాపైనే వాడవలెను.

వాతావరణం, ప్రమాదాలు

ఏప్రిల్ నుంచి జూన్ వరకు, సెప్టెంబరు నడుమ నుంచి నవంబరు వరకు నడకకు అనువైన కాలం. డిసెంబరు నుంచి మార్చి వరకు మంచుపై నడవవలసి ఉంటుంది. వర్షాకాలంలో కొండచరియలు విరిగి రహదారి మూసుకుపోవడం సాధారణం. 2025 ఆగస్టు 5న ఇదే లోయలో ఎగువనున్న ధరాలీ గ్రామాన్ని ఆకస్మిక వరద ముంచెత్తినది.

గైడు ఉన్నంత మాత్రాన ప్రకృతి ప్రమాదాలు తొలగిపోవు. 2024 జూన్‌లో ఉత్తరకాశీ, టిహరీ జిల్లాల సరిహద్దులోని సహస్రతాల్ మార్గంలో, ఎక్కువగా కర్ణాటకవారితో కూడిన 22 మంది బృందం ప్రతికూల వాతావరణంలో చిక్కుకొనగా 9 మంది మరణించారు. ఆ మార్గం దయారా కంటె చాలా ఎత్తైనది, కఠినమైనది. అయినను వాతావరణం మారినప్పుడు వెనుదిరగవలెనన్న నియమం రెండింటికీ ఒక్కటే.

పరిరక్షణ

బుగ్యాల్ నేలను గడ్డివేళ్ళ అల్లికే పట్టి ఉంచుతుంది. కంచరగాడిదల గిట్టలు, గుడారాల మేకులు, కాలిబాటల వలన ఆ అల్లిక ఒకసారి తెగితే, కరిగిన మంచునీరు అక్కడ గండ్లు కోస్తుంది. తిరిగి గడ్డి మొలవడానికి ఏళ్ళు పడుతుంది. దయారాలో అటవీశాఖ కొబ్బరి పీచు వలలు, పైన్ ఆకులు, వెదురు కర్రలతో గండ్లను పూడ్చే పనులు చేపట్టినది.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు, ఆలీ, బేద్నీ, బాగ్జీ బుగ్యాళ్ళ పరిరక్షణ కోరిన వ్యాజ్యంలో తీర్పునిస్తూ, రాష్ట్రంలోని బుగ్యాళ్ళపై రాత్రి బసను నిషేధించినది. సందర్శకుల సంఖ్యను 200కు పరిమితం చేయమని, శాశ్వత కట్టడాలను తొలగించమని కూడా ఆదేశించినది. ఆ తరువాత నిర్వాహకులు గుడారాలను దిగువ అడవి ప్రాంతాలకు మార్చుకొన్నారు. అయితే పర్యాటకమే ఆదాయమైన గైడులకు, వంటవారికి, కంచరగాడిదల యజమానులకు ఇటువంటి ఆంక్షలు ఉపాధి సమస్యగా మారినవి. పచ్చికను, పచ్చికపై ఆధారపడినవారిని కూడా నిలబెట్టడమే ఇక్కడి ప్రధాన సమస్య. సందర్శకులు ఉన్న బాటలోనే నడవడం, పూలు, మూలికలు కోయకపోవడం, చెత్తను వెనుకకు తెచ్చుకొనడం, గ్రామంలోని ఇళ్ళలో బసచేయడం ఇందుకు తోడ్పడతాయి.

చేరుకునే మార్గం

సమీప రైల్వే స్టేషన్లు డెహ్రాడూన్, ఋషికేశ్. సమీప విమానాశ్రయం డెహ్రాడూన్ వద్దనున్న జాలీ గ్రాంట్. అక్కడి నుంచి రోడ్డు మార్గాన ఉత్తరకాశీ చేరి, గంగోత్రి వెళ్ళే రహదారిపై సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనున్న భట్వారీ నుంచి రైథల్‌కు వెళ్ళవలెను. నెహ్రూ పర్వతారోహణ సంస్థ (స్థాపన 1965) ఉత్తరకాశీలోనే ఉన్నది. బయలుదేరే ముందు అటవీశాఖ అనుమతులను, అప్పటి నిబంధనలను తెలుసుకొనడం అవసరం.