అవక్షేప శిలలు

రాళ్ళు అరిగి రాలిన ఇసుక, ఒండ్రు, జీవుల గుల్లలు, నీటిలో కరిగిన లవణాలు పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే ఏర్పడేవి అవక్షేప శిలలు. ఖండాల ఉపరితలంలో దాదాపు నాలుగింట మూడు వంతులను ఇవే కప్పి ఉన్నా, భూపటలం ఘనపరిమాణంలో వీటి వాటా ఐదు శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. పరపు ఎక్కువ, మందం తక్కువ.

ఏటి ఉరవడి తగ్గేకొద్దీ ముందు గులకరాళ్ళు, తర్వాత ఇసుక, చివరికి సన్నని ఒండ్రు దిగుతాయి. పైపొరల బరువుకు కిందివి అణగి నీరు వదులుతాయి. సిలికా, కాల్సైటు, ఇనుప ఆక్సైడు రేణువుల సందుల్లో చేరి వాటిని అతికిస్తాయి. అలా గులకరాళ్ళ నుంచి కాంగ్లామరేట్, ఇసుక నుంచి ఇసుకరాయి, ఒండ్రు నుంచి షేల్ పుడతాయి. నీరు ఇగిరిపోయిన చోట మిగిలే జిప్సం, రాతి ఉప్పు రసాయనిక శిలలు.

సున్నపురాయిని మాత్రం ఒకే తెగలో ఇరికించలేం. కొంత నీటిలోంచి నేరుగా పేరుకున్నది, కొంత గుల్లలూ పగడాలూ నలిగి ఏర్పడినది. వంటగట్టు మీది కడప బండ, నేలమీది తాండూరు బండ ఈ రాయే. చింతపండు పులుసు ఒలికితే కడప బండ మెరుపు పోవడానికి కారణం పులుపులోని ఆమ్లం. గాలిలోనూ నేలలోనూ బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాన నీరు అదే పని యుగాల తరబడి చేయగా బెలుం గుహలు ఏర్పడ్డాయి. వాటి పొడవు 3,229 మీటర్లు.

తారుమారు కాని పొరల్లో కిందిదే పాతదని 1669లో నికొలస్ స్టెనో సూత్రీకరించాడు. ఇప్పుడు చాలా మామూలుగా తోచే ఈ మాట మీదే భూవిజ్ఞానంలో కాలగణన మొదలైంది. స్కాట్లండ్‌లోని సిక్కర్ పాయింట్ వద్ద నిట్టనిలువు పాత పొరల మీద ఏటవాలుగా పరచుకున్న కొత్త పొరలను 1788లో జేమ్స్ హటన్ చూశాడు. రెంటి నడుమ ఎంతో కాలం గడిచి ఉండాలని గ్రహించాడు. అలాంటి సంధే తిరుమల ఘాట్‌రోడ్డులోనూ కనిపిస్తుంది: కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైట్, మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ.

ఆ క్వార్ట్‌జైట్ చేరిన కడప పొరల మీదా, కర్నూలు పొరల మీదా భూవిజ్ఞాని విలియం కింగ్ గ్రంథం 1872లో వెలువడింది. కడప పొరల్లో పాతవాటి వయసు 190 కోట్ల ఏళ్ళకు తక్కువ కాదు. వాటిలోని వేంపల్లె డోలమైటులో సూక్ష్మజీవులు కట్టిన స్ట్రొమటొలైట్లు ఉన్నాయి గానీ, ఆ పొరల్లో బొగ్గు కోసం వెతకడం దండగ. బొగ్గుగా మారడానికి అప్పటికి నేల మీద చెట్టే లేదు.

బొగ్గు దొరికేది వాటికన్నా వయసులో ఎంతో చిన్నవైన గోదావరి లోయ గోండ్వానా పొరల్లో. ఇల్లెందు దగ్గర దాన్ని 1871లో గుర్తించినదీ కింగే. సింగరేణి గనులు నేటికీ తవ్వుతున్నది ఆ పొరలనే.