ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి

ఉద్యోగార్థుల పేర్లను, అర్హతలను నమోదు చేసికొని, ఖాళీలేర్పడినప్పుడు తగినవారి జాబితాను యజమానులకు పంపు ప్రభుత్వ కార్యాలయము. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము సైన్యమునుండి విడుదలయైన సిపాయిలకు జీవనోపాధి చూపుటకై 1945లో భారతదేశమున నెలకొల్పబడిన ఈ వ్యవస్థ, దేశవిభజన పిమ్మట కాందిశీకులకును, 1948 నుండి సర్వజనులకును అందుబాటులోనికి వచ్చెను. 1959 నాటి చట్టము ననుసరించి ప్రభుత్వ కార్యాలయములును, 25 మందికి తగ్గని పనివారు గల ప్రైవేటు సంస్థలును ఖాళీలను విధిగా తెలుపవలసియుండెను. అయితే పంపిన జాబితానుండియే ఎన్నుకొనవలెనన్న నిర్బంధము ఆ చట్టమున లేకుండెను, దాని బలహీనతయు నిదియే. నమోదు కార్డును గడువులోగా రెన్యువలు చేయించుకొననిచో పూర్వపు సీనియారిటీ పోవును గనుక, దానిని సర్టిఫికెట్ల నడుమ దాచి మరచిపోవువారు నష్టపోవుదురు. కృష్ణాజిల్లాకు చెందిన యొక వ్యాజ్యమున, పత్రికలలోను ప్రకటన వెలువరింపవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటతో, కార్డు గలవారును ప్రకటనలు చూచి స్వయముగా దరఖాస్తు పెట్టుకొనుట అవసరమయ్యెను.