జీర్ణగృహోద్ధారణము



పాత యిల్లు అన్నమాట వినినంతనే యువకులకు చీకటి గదులును, కారెడు పెంకులును, నుదుటికి తగులు గుమ్మములును జ్ఞప్తికి వచ్చును. వృద్ధులకు వీధియరుగు మీది చల్లని సాయంకాలములు జ్ఞప్తికి వచ్చును. ఇరువురు పలుకునదియు సత్యమే. అయినను అట్టి యింటిని నేలమట్టము చేయవలెనా, బాగుచేసి నిలుపవలెనా యను ప్రశ్న పుట్టినప్పుడు విసుగుగాని మమకారముగాని తీర్పరి కాజాలదు. ఆ యిల్లు ఎట్లు పుట్టినదో, ఎట్లు మారుచు వచ్చినదో ఎరిగినవాడే దాని విషయమున ఉచితము పలుకగలడు. కావున గోదావరీ తీరమునందలి మండువా లోగిళ్ళ వృత్తాంతమును సంగ్రహముగ విన్నవించెదను.

నాలుగు వైపుల శాలలును, నడుమ ఆకాశము కనబడు అంగణమును గల గృహమునకు సంస్కృతమున చతుశ్శాల యని పేరు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు వాస్తువిద్యను చెప్పుచు సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అని చతుశ్శాలల భేదములను వివరించెను. మన మండువా లోగిలియు ఆ జాతిలోనిదే. బీజము ప్రాచీనమే గాని, మన పూర్వులందరును అట్టి లోగిళ్ళయందే కాపురముండిరని తలచుట భ్రమ.

పెక్కు కుటుంబములవారి నివాసము మట్టిగోడలును తాటాకు కప్పును గల యిల్లే. వేసవిలో నిప్పురవ్వ పడిన వీధి వీధియే భస్మమయ్యెడిది. ధవళేశ్వరమువద్ద ఆర్థరు కాటను దొర ఆధ్వర్యమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో ముగిసినది. కాలువలు పారినవి, చేలు పండినవి, ధాన్యము అమ్మిన సొమ్ము కలప రూపమున ఇల్లు చేరినది. ఎగువ అడవుల టేకు గోదావరి మీదుగ దిగివచ్చెడిది. బర్మా టేకు సముద్రము దాటి వచ్చెడిది. తాటాకు పోయి గూనపెంకు వచ్చెను. 1865లో బాసెలు మిషనువారు మంగళూరున పెంకుల కర్మాగారమును స్థాపించిన పిమ్మట, ఒకదానిలో నొకటి ఇమిడెడి పలకపెంకులు క్రమముగ దక్షిణదేశమున వ్యాపించెను. పుట్టినది మంగళూరైనను మనవారు దానిని బెంగుళూరు పెంకు అనియే పిలిచిరి.

కావున నేడు మనము పాతదని ముఖము చిట్లించు లోగిలి, మన ముత్తాతలనాడు మిక్కిలి నూతనమైన గృహము. ప్రతి తరమును తన యింటిని బాగుచేసికొనుచునే వచ్చినది. మార్పు మనకు క్రొత్త గాదు. తెలిసి మార్చుట, తెలియక మార్చుట యనునదియే భేదము.

ఈ భేదమును నేను సొమ్ము పోగొట్టుకొని నేర్చితిని. మా తాతగారు కట్టించిన లోగిలిలో, ఉద్యోగమునుండి విరమించిన పిదప, కాపురము పెట్టితిని. గోడలు నెఱ్ఱెలు విచ్చి చూచుటకు బాగుండలేదు. ఒక మేస్త్రి సలహాపై పాత సున్నపు పూత గీకించి, నిలువెల్ల సిమెంటు పూయించి, పైని రంగు వేయించితిని. బంధువులు చూచి మెచ్చుకొనిరి. మూడు వర్షాకాలములు గడచునప్పటికి మోకాలియెత్తున నున్న చెమ్మ రొమ్ముయెత్తునకు ప్రాకెను. తెల్లని ఉప్పు పూచెను. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడెను. ఇక దీనిని పడగొట్టి స్లాబు యిల్లు కట్టుదమని పిల్లలు పట్టుపట్టిరి. తప్పు ఇంటిది కాదు, నాది. శిక్ష మాత్రము ఇంటికి పడనుండెను.

కారణమును విచారింపగా విషయము తేటపడినది. మా గోడలు మట్టితో పేర్చిన ఇటుకలవి. పునాదియందు చెమ్మను ఆపు పొర లేదు. నేలలోని తేమను అవి వత్తివలె పైకి పీల్చును. సున్నపు పూత సూక్ష్మరంధ్రములు గలది. పీల్చిన తేమ దానిగుండ ఆరిపోవును. సిమెంటు పూత ఆ దారిని మూసివేయగా తేమ ఇంకను పైకెక్కి, తనతో తెచ్చిన లవణమును పూత వెనుక వదలి, దానిని నెట్టివేయును.

తుదకు పొరుగూరి వృద్ధుడైన పనివాడొకడు దొరకెను. అతడు సిమెంటు ఊడదీయించి, గోడను ఒక వేసవి యంతయు ఆరనిచ్చి, ఇసుక కలిపిన సున్నమును గానుగలో నూరించి, కరక్కాయయు బెల్లమును నానిన నీటితో కలిపి పూసెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నము మెల్లమెల్లగ రాయియగును గనుక తొందర పనికిరాదని అతడు నాకు బోధింపలేదు; “అయ్యగారూ, దీనికి ఓపిక కావలె” అని మాత్రము అనెను. నేను ముప్పదియేండ్లు చదువు చెప్పినవాడను. ఆనాడు పలక పట్టితిని.

మయమతమున అనుకర్మ యను పేర జీర్ణనిర్మాణముల పునరుద్ధరణ చెప్పబడినది. లక్షణములు ఇంకను గోచరించు ఆలయమును దాని ద్రవ్యములతోడనే చక్కబెట్టవలెనని అందలి భావము. ఇది దేవాలయములకు చెప్పినదైనను మానవగృహములకును చెల్లును. ఇంటి లక్షణమును ఎరుగుటయే మొదటి పని. మండువా శోభకై ఏర్పడినది కాదు. వేడిగాలి అందుండి పైకిపోవ, వసారాల నీడలోని చల్లగాలి గదులలోనికి వచ్చును. దానిని రేకులతో మూసినవారు తమ యింటి ముక్కును తామే మూసినవారు. కోతులును దోమలును బాధించుననుట నిజమే. మేము ఇనుపవలతో సరిపెట్టితిమి.

మార్పవలసినవానిని మేము మార్చకపోలేదు. పొగచూరిన వంటింటికి గాలి పోవు మార్గమును, నిలువబడి వండుకొను గట్టును అమర్చితిమి. పెరటివైపు స్నానపుగదియు మరుగుదొడ్డియు కట్టితిమి. చీకటిగదుల కప్పున అచ్చటచ్చట గాజుపెంకులు వేసితిమి. విద్యుత్తు తీగలను క్రొత్తగ వేయించితిమి. పూర్వము ఇంటి స్త్రీలు పొగలో కన్నీరు కార్చుట ఆచారము గాదు, లోపము. దానిని నిలుపుట సంప్రదాయరక్షణ మనిపించుకొనదు.

1996 నవంబరులో కోనసీమను ముంచిన తుపానులో పెంకులు ఎగిరిపోయిన గృహములను నేను కన్నులార చూచితిని. వాసములు చెదలు తినినచోట, పంపకములలో ఒక లోగిలి నాలుగు వాటాలైనచోట, నిలుపుట సాధ్యము గాకపోవచ్చును. అట్టివారిని నిందింపను. అయితే స్తంభములను తలుపులను బేరగానికి తూచి యిచ్చుటకు ముందు, ఒక్క దినము వెచ్చించి గదుల కొలతలు వ్రాసి, పటము గీసి, ఛాయాచిత్రములు తీయించి, ఎవరు కట్టిరో, ఏ తరమున ఏమి మారెనో పెద్దలనడిగి ఒక పుస్తకమున వ్రాసియుంచుడని ప్రార్థించుచున్నాను. ఈ సభకు వచ్చిన ప్రతి కుటుంబమును ఒక్కొక్క యింటి చరిత్రను వ్రాసిన యెడల, రాబోవు సంచికలకు అంతకంటె విలువగల వస్తువు వేరుండదు.

పోషకులైన శ్రీమంతులకు ఒక్క మనవి. సున్నపుపనియు కొయ్యపనియు ఎరిగిన ముదుసలి పనివారు ఇంకను కొందరున్నారు. వారిచేత పని చేయించుడు. వారి చెంత ఇద్దరు పిల్లలను ఉంచుడు. మా యింటికి పూత పూసిన వృద్ధుడు నిరుడు గతించెను. ఆయన చేతిపని మా గోడమీద నున్నది. ఆ చేతి విద్య ఇప్పుడు మా యూర ఎవ్వరికిని లేదు.